మంచుకు పరిచిన మందు

"ఇందులో పిండి ఎవరు కలిపారు?"

ఇలారియో సిరంజిని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. నీళ్ళలా తేటగా ఉండాల్సిన మందులో తెల్లటి తునకలు, విరిగిన పాలలో తరకల్లా, తాపీగా కిందికి దిగుతున్నాయి.

పొయ్యి దగ్గర కూర్చున్న అతని తల్లి సతుర్నీనా తల ఎత్తలేదు. క్వినోవా జావలో తిరుగుతున్న గరిట మాత్రం ఒక్క చుట్టు తప్పింది.

"మందులో కలపడానికి పిండెక్కడుందిరా ఈ ఇంట్లో? నువ్వు తిన్నాక మిగిల్తే కదా!"

"హాస్యాలొద్దమ్మా. ఇది విరిగిపోయింది."

గోడవార గొర్రెతోలు మీద అతని భార్య కసిల్దా తొడ మీది లంగా పైకి మడుచుకుని, సూది కోసం సిద్ధంగా కూర్చుంది. ఒళ్ళో రెండు చేతులూ పడి ఉన్నాయి. వాచిన ఆ వేళ్ళు ఆమెవిలాగ లేవు. ఎవరో తెచ్చి అక్కడ పెట్టి మరిచిపోయినట్టున్నాయి.

"పోయినసారిదీ, అంతకుముందుదీ ఇలాగే ఉన్నాయా?" అంది కసిల్దా నెమ్మదిగా. "మనమే చూసుకోలేదా?"

జవాబు ఆమె కీళ్ళకు ముందే తెలుసు. మొదట్లో పడిన సూదులకు వేళ్ళు పువ్వుల్లా విచ్చుకున్నాయి. మూలన పడేసిన మగ్గం మళ్ళీ దింపించుకుంది. తర్వాత ఊళ్ళో ఆరోగ్య కేంద్రం ఫ్రిజ్ చచ్చింది. ఇలారియో మందు పెట్టె ఇంటికి తెచ్చి, "చల్లగా పెట్టమ్మా, లేకపోతే పాడైపోతుంది" అని తల్లి చేతిలో పెట్టి, తన మినీబస్సు తోలుకుని ఎల్ ఆల్తో పట్నానికి పోయాడు. అప్పటి నుంచి పడిన సూదులు పడినట్టే పోయాయి. వేళ్ళు మళ్ళీ ముడుచుకున్నాయి.

"అమ్మా, దీన్ని ఎక్కడ పెట్టావు?"

"చల్లగా పెట్టమన్నావు, పెట్టాను. నాకంటే చల్లగా పెట్టే మనిషి ఈ సరస్సు చుట్టూ ఎవరున్నారో పట్టుకురా."

"ఎక్కడా అని అడుగుతున్నా."

"బంగాళాదుంపల పక్కన."

"కొట్లోనా?"

"కొట్లో పెడితే ఎలుకలు తినవూ? బయట. గడ్డి మీద. మంచుకు."

ఇలారియో నోరు తెరిచాడు. మూయడం మరిచాడు.

ఆమెను తిట్టి లాభం లేదు. ఆ మైదానంలో చలికి పాడైన వస్తువంటూ ఒకటుంటుందని పుట్టి ఎవరూ వినలేదు. అక్కడ పాడయ్యేది చలి తగలనిదే. దుంపలను మంచుకు పరిచి, గడ్డకట్టించి, కాలితో తొక్కి నీరు పిండి, ఎండబెట్టి చూన్యో చేస్తే అవ్వ పరిచిన దుంప మనవడి పెళ్ళికి పులుసులో ఉడుకుతుంది. మాంసమూ అంతే. అందుకే సతుర్నీనా ఆ పెట్టెకు మైదానం మొత్తంలో మంచి చోటు ఇచ్చింది. కింద కొత్త గడ్డి పరిచింది, లామాలు మూతి పెట్టకుండా చుట్టూ రాళ్ళు పేర్చింది, పొద్దెక్కగానే నీడకు మార్చింది. కన్నబిడ్డకు కూడా అంత సేవ చెయ్యలేదు. దుంపల్లాగా దాన్ని కాలితో తొక్కలేదు, అంతవరకు కోడలు అదృష్టవంతురాలే.

ఇలారియో ఫోన్ తీసి నర్సుకు చేశాడు. ఎన్‌కార్నా గొంతు గది నిండా మోగింది.

"గడ్డకట్టిందా? మరైతే అది మందు కాదు నాయనా, నీళ్ళు. పారబొయ్యండి. లా పాస్ నుంచి నిన్ననే కొత్తది వచ్చింది, మధ్యాహ్నానికి నేనే పట్టుకొస్తా. ఈసారి దాన్ని ఎవరూ ముట్టుకోకండి. ముఖ్యంగా పెద్దమ్మ."

"సరే నర్సమ్మా."

"ఇంకోటి. పెద్ద డాక్టరు గారు ఒక సంగతి మళ్ళీ అడిగి రమ్మన్నారు. మీ ఇంట్లోవాళ్ళందరూ ఉండండి."

ఫోన్ ఆగిపోయింది. జావ అడుగంటిన వాసన వచ్చింది. సతుర్నీనా గరిట తిప్పడం ఎప్పుడు మానేసిందో ఆమెకే తెలియదు.

అప్పుడు కసిల్దా నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది, అదీ పెద్దగా.

"అత్తా! నన్ను కూడా చూన్యో చేసి దాచుకుందామనుకున్నావా? మనవలకు పులుసులో వేసి పెడుదువు గాని!"

"ఛీ, నోర్ముయ్!" అంది సతుర్నీనా, కానీ ఆమెకూ నవ్వొచ్చింది.

కసిల్దా నవ్వు మధ్యలో విరిగింది. "నిజం చెప్పత్తా. నాకీ చేతులు బాగుపడటం నీకిష్టం లేదు కదూ?"

"ఏం మాటే అది?"

"వచ్చే నాట్లలోపు ఈ వాపు దిగకపోతే వేళ్ళు వంకరగానే ఉండిపోతాయని పెద్ద డాక్టరు చెప్పింది నువ్వూ విన్నావు. నువ్వు ఊపిరి బిగబట్టి విన్నావు, నేను చూశాను. మిగతా ఊరంతా ఎదురు చూసేది మంచు కోసం. నేను ఎదురు చూసేది సూది కోసం. ఆ సూదినే తీసుకుపోయి..."

"తెలీక చేశానే తల్లీ!"

"తెలీకే ఇన్ని చేశావు. తెలిసి ఏమేం చేశావో దేవుడికెరుక."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. సతుర్నీనా శాలువా లాక్కుని బయటికి నడిచింది. వెనక కొడుకు "అమ్మా" అన్నాడు గాని లేవలేదు. గుమ్మం దాటుతుంటే కోడలి గొంతు, తనతో తనే అనుకుంటున్నట్టు, వినబడింది.

"మళ్ళీ మొదలెట్టారు వాళ్ళు."

"ఎవరు?" అన్నాడు ఇలారియో.

"కీళ్ళలోవాళ్ళు. గోడవతల గుసగుసలాడుకున్నట్టు. నీకు వినబడదులే."

*

మైదానంలో ఆమె మరిది మెలితోన్ పాంటు మోకాళ్ళ దాకా మడిచి దుంపలు తొక్కుతున్నాడు. మంచు కరుగుతున్న దుంపలు అతని వట్టికాళ్ళ కింద కిచకిచమని నీళ్ళు కక్కుతున్నాయి. ఒక బుగ్గ నిండా కోకా ఆకు. ఊళ్ళో ఎవరికి దిగులు పట్టినా, దడుపు పట్టినా ఆకులు పరిచి చూసేది అతనే. అబద్ధాలు చెప్పడంలో కూడా అతనికి అతనే సాటి.

"రా వదినా రా. మందును కూడా పరిచావటగా? ఇంకా నయం, కొడుకు మినీబస్సును పరవలేదు."

"అప్పుడే నీదాకా వచ్చిందా?"

"కోడలి నవ్వు సరస్సు అవతలికి కూడా పోయింది. ఈ మంచుతో పరాచికాలు కాదు వదినా. మా తాత కాలంలో ఒక ఏడు ఎంత మంచు కురిసిందంటే, మా లామా నీడ గడ్డకట్టి నేలకు అంటుకుపోయింది. లామా ఒక్కటే ఇంటికొచ్చింది. చలి తగ్గాక నీడ కరిగి దారి వెతుక్కుంటూ వచ్చింది, అప్పటికి లామాను కోసుకు తినేశాం. ఇప్పటికీ దొడ్లో తిరుగుతుంటుంది పాపం, ఎవరి కాళ్ళకింద చేరాలో తెలీక."

"నీ నోట్లో ఆకు ఎక్కువైంది."

ఆమె చెప్పులు విడిచి అతని పక్కన దిగింది. ఇద్దరూ కలిసి తొక్కారు. చల్లదనం పాదాల్లోంచి పిక్కల్లోకి ఎక్కింది. ఎండ వచ్చినా గాలి వెచ్చబడలేదు.

"పొద్దున కోడలి ప్రాణాన్ని పిలవడానికి పోయాను," అన్నాడు మెలితోన్ ఉన్నట్టుండి.

సతుర్నీనా ఆగింది. మనిషి దడుచుకుంటే ప్రాణం ఆ చోటే జారిపోతుందని, ఆ మనిషి గుడ్డో టోపీయో చూపించి పేరు పెట్టి పిలిస్తే ఇంటికొస్తుందని అక్కడివాళ్ళ నమ్మకం. కసిల్దా మోకాళ్ళు మొదటిసారి కూలబడింది వాగు దాటే చోట. మెలితోన్ ఆమె టోపీ పట్టుకుని పొద్దు పొడవక ముందే అక్కడికి పోయాడు.

"పలికిందా?"

"పలికింది."

"మరింకేం!"

"పలికింది కసిల్దా కాదు వదినా." అతను తొక్కడం ఆపలేదు. "'రా కసిల్దా, ఇంటికి పోదాం రా' అన్నాను. వాగవతల రాళ్ళలో ఎవరో దగ్గారు."

"గొర్రె అయ్యుంటుంది."

"గొర్రెలు నాకు తెలీవా? గొర్రె దగ్గి ఊరుకుంటుంది. మా అన్న దగ్గి దగ్గి, ఆఖర్న 'అమ్మో, నా తల్లీ' అనేవాడు. అలా అనే గొర్రెను నువ్వెక్కడైనా చూశావా?"

ఈసారి అతని కళ్ళలో అబద్ధపు మెరుపు లేదు. ఆమె వెతికింది. లేదు.

"నర్సమ్మ వస్తోందటగా?" అన్నాడు. "మళ్ళీ అదే అడుగుతుంది. అన్న ఎలా పోయాడని."

"గనిలో దేన్నో చూసి దడుచుకున్నాడు, ఆ దడుపుతోనే పోయాడు. ఊరందరికీ తెలుసు."

"ఊరికి నువ్వు చెప్పింది తెలుసు."

సతుర్నీనా ఒక దుంపను మడమతో గట్టిగా అదిమింది. ఆ చలికాలం ఇద్దరికీ గుర్తే. గని నుంచి ఆమె మొగుడు వెన్సెస్లావో ఎముకల గూడై తిరిగొచ్చాడు. దగ్గితే గిన్నెలో ఎరుపు కనబడేది. ఊపిరితిత్తుల జబ్బని బయటికి పొక్కితే ఆ ఇంటి దుంప ఎవరూ కొనరు, ఆ ఇంటి గ్లాసు ఎవరూ పట్టరు, పండగలో ఆ ఇంటివాళ్ళ చెయ్యి పట్టుకుని ఎవరూ ఆడరు. అందుకని సతుర్నీనా దడుపు అంది. ఊరు తలూపింది.

మెలితోన్‌కు తెలియనిది ఇంకొకటుంది. ఆ దగ్గంటే ఆమెకే భయం. మొగుడి గది గుమ్మం తొక్కడానికి కాళ్ళు వచ్చేవి కావు. అప్పుడే కాపురానికొచ్చిన కొత్తకోడలి చేతిలో గిన్నె పెట్టి, "మామకు పులుసు ఇచ్చి రా పిల్లా, నాకు పని ఉంది" అనేది. చలికాలమంతా పని ఉంటూనే ఉంది. కసిల్దా తలుపు మూసిన ఆ గదిలో ముసలాయన పక్కన కూర్చుని, చెంచాతో తాగించి, కబుర్లు చెప్పి వచ్చేది.

ఆ తర్వాత ఆస్పత్రిలో, ఈ సూదులు మొదలుపెట్టే ముందు, ఊపిరితిత్తుల జబ్బు ఉందేమో చూడ్డానికి కసిల్దా ముంజేతి మీద కాస్త మందు గుచ్చారు. రెండు రోజులాగి, ఉబ్బిందేమో చూపించమన్నారు. ఉబ్బింది. ఎర్రగా, గట్టిగా, ఆవు కన్నంత. "గోమారి పురుగు కుట్టిందే" అని సతుర్నీనా ఆకు పసరు కట్టింది. "దుంపలు తవ్వడం అయ్యాక పోదువులే" అంది. వాళ్ళు తీరిగ్గా వెళ్ళేసరికి చర్మం నున్నగా ఉంది. ఏమీ రాలేదని కసిల్దా చెప్పింది. అలా చెప్పమని అత్త చెప్పింది.

"నువ్వు తెలీకే మంచులో పెట్టావు, ఒప్పుకుంటా," అన్నాడు మెలితోన్ దుంపల్లోంచి బయటికి వచ్చి కాళ్ళు తుడుచుకుంటూ. "కానీ వదినా, మంచుకు తెలుసేమో."

సతుర్నీనా ఎండలో నిలబడే శాలువా గట్టిగా చుట్టుకుంది.

*

ఎన్‌కార్నా మోటార్‌సైకిల్ దిగి, నీలం ఐసుపెట్టె చంకలో పెట్టుకుని, దారిలో ఎదురొచ్చిన కుక్కను తిడుతూ లోపలికి వచ్చింది. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఇలారియో ఇచ్చిన కోకా టీ నిలబడే తాగింది.

"ఇది చల్లగా ఉండాలి, గడ్డకట్టకూడదు. తేడా అర్థమైందా పెద్దమ్మా?"

"అర్థమైంది," అంది సతుర్నీనా గోడకు చెప్తున్నట్టు.

"తిట్టనులే. పోయినేడు పై ఊళ్ళో ఒకాయన కోడి కింద పొదగేశాడు, వెచ్చగా ఉంటుందని." ఎన్‌కార్నా సిరంజి తీసి వెలుగుకు పట్టింది. తేటగా ఉంది. "సరే, వినండి. కసిల్దా ఒంట్లో కాపలావాళ్ళున్నారు. అందరి ఒంట్లోనూ ఉంటారు. వాళ్ళకు నోరు లేదు. ఒకరి మీదికొకరు చిన్న చిన్న రసాలు విసురుకుంటారు. అవే వాళ్ళ మాటలు. 'దొంగ వచ్చాడు, రండి' అని ఒకడు విసిరితే మిగతావాళ్ళంతా కర్రలు పట్టుకుని వస్తారు. ఈమె కీళ్ళలో దొంగ లేడు. అయినా కేక ఆగడం లేదు. వచ్చినవాళ్ళు ఊరికే పోరుగా, ఇల్లే పగలగొడుతున్నారు."

"పొద్దున నేను చెప్పిందీ ఇదే," అంది కసిల్దా మొగుడితో.

"ఈ మందు ఆ కేకను గాల్లోనే పట్టేసుకుంటుంది. అంతే. కాపలావాళ్ళను చంపదు, కేక వినబడనివ్వదు."

"మంచిదేగా," అన్నాడు ఇలారియో.

"కీళ్ళకు మంచిదే." ఎన్‌కార్నా టీ గ్లాసు కింద పెట్టింది. ఈసారి గొంతు తగ్గింది. "కానీ ఒక్కోసారి ఒంట్లో ఇంకోచోట నిజం దొంగే ఉంటాడు. ఎప్పుడో దూరాడు. కాపలావాళ్ళు వాణ్ణి చంపలేక, చుట్టూ గోడలా కూర్చుని ఉంటారు, ఏళ్ళ తరబడి. వాడు నిద్రపోతుంటాడు. వీళ్ళు ఒకరికొకరు అదే కేక అందించుకుంటూ మేలుకుని ఉంటారు. ఆ కేకనూ మనం పట్టేశామనుకో, గోడ ఊడిపోతుంది. వాడు లేస్తాడు."

పొయ్యిలో ఎండుపేడ పిడక ఒకటి చిన్నగా కూలింది. అందరూ అటు చూశారు.

"అందుకే మళ్ళీ అడుగుతున్నా. ఈ ఇంట్లో ఎవరికైనా ఊపిరితిత్తుల జబ్బు ఉండేదా? దగ్గు, నెత్తురు?"

"లేదు," అంది కసిల్దా వెంటనే. "మామ గనిలో దడుచుకుని పోయాడు."

"పెద్దమ్మా?"

సతుర్నీనా పొయ్యిలోకి ఇంకో పిడక తోసింది.

ఉంటే ఏం చేస్తారో ఎన్‌కార్నా అడగకుండానే చెప్పింది. "ఉంటే ఈ సూది ఇవ్వను. ముందు ఛాతీ ఎక్స్‌రే, తర్వాత మాత్రలు. నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా కీళ్ళకు నొప్పి మాత్రలే. లేదంటే ఇదిగో, ఇప్పుడే."

నెలలు. అంటే నాట్లు దాటుతాయి. వేళ్ళు వంకరగా ఉండిపోతాయి. చెప్తే కోడలి చేతులు పోతాయి. చెప్పకపోతే కోడలే పోతుంది. ఎవరు పరిచారో గాని, సతుర్నీనా ఆ రెండింటి మధ్య గడ్డి మీద దుంపలా పడి ఉంది.

నర్సు దూదితో తొడ తుడిచింది. స్పిరిట్ వాసన గుప్పుమంది. సూది మూత ఊడింది.

"ఆగు!"

ఆ అరుపు తనదేనని సతుర్నీనాకు కాసేపటికి తెలిసింది.

"మా ఆయన దడుచుకుని పోలేదు. దగ్గి పోయాడు. నెత్తురు కక్కి పోయాడు. నేను..." ఆమె కోడలి వైపు చూడలేక నేలను చూసింది. "నేను ఆ గదిలోకి పోయేదాన్ని కాదు. నాకు భయం. నిన్ను పంపేదాన్ని. చెయ్యి ఉబ్బితే గోమారి అని నేనే పసరు కట్టాను. అంతా నేనే."

ఇలారియో తల్లిని కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. "అమ్మా..." అన్నాడు.

నర్సు సూది మీద మూత పెట్టబోయింది. ఆ చేతిలోంచి సిరంజిని కసిల్దా లాక్కుంది. వాచిన వేళ్ళను దాని చుట్టూ ముడిచి, నొప్పికి పళ్ళు బిగించి, రెండు చేతులతో గుండెకు అదుముకుంది.

"నాకు తెలుసత్తా."

సతుర్నీనా తలెత్తింది.

"ఆ గిన్నె కడిగింది నేనేగా? ఎరుపు నాకు తెలీదా? గోమారి కుట్టిందీ కుట్టందీ నాకు తెలీదా? నీ అబద్ధం నమ్మి ఊరుకోలేదు నేను. నువ్వు అబద్ధం చెప్తే నాకు సూది పడుతుందని ఊరుకున్నాను."

"పిచ్చిదానా, చచ్చిపోతావే!"

"మగ్గం లేకుండా, అన్నం ముద్ద నోటికెత్తుకోలేకుండా, నీ చేత స్నానం చేయించుకుంటూ బతకనా? ఎన్నేళ్ళు?"

"ఇలా ఇవ్వు కసిల్దా," అంది ఎన్‌కార్నా, బుజ్జగిస్తున్నట్టు చెయ్యి చాపి. "సూది మొన తెరిచి ఉంది. ఇవ్వమ్మా. మాత్రలు వాడదాం. నువ్వింకా బాగానే ఉన్నావు, దగ్గు లేదు, జ్వరం లేదు..."

"మొదటి సూదులు పడినప్పుడు కీళ్ళు మూగబోయాయి నర్సమ్మా." కసిల్దా గొంతు చాలా మామూలుగా ఉంది. "ఒళ్ళంతా ఎంత నిశ్శబ్దమో! ఆ నిశ్శబ్దంలోనే వినబడింది. ఇక్కడ." గడ్డంతో తన రొమ్ము వైపు చూపించింది. "ఎవరో పక్క మీద అటు నుంచి ఇటు ఒత్తిగిల్లినట్టు."

ఎన్‌కార్నా చాపిన చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

కసిల్దా సిరంజి మొనను తన తొడ వైపు తిప్పింది. ఇలారియో ఒక అడుగు ముందుకేశాడు, ఆగాడు. సతుర్నీనా మోకాళ్ళ మీద లేచింది, ఆగింది. ఆ సూది తీసుకోవాలంటే ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాలి. దుప్పటి అంచు తగిలితేనే కేక పెట్టే ఆ వేళ్ళ మీద చెయ్యి వేసే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేకపోయింది.